వారమునకు ఒక్కసారి

(నందివాడ గ్రామప్రజల నుద్దేశించి సమాచార శాఖాధికారి చేసిన ప్రసంగ పాఠము)



చెరువుల మీద పనులు ముగించుకొని, ప్రొద్దు వాలిన వేళ ఇంతమంది ఇచ్చట సమావేశమైనందుకు మా కృతజ్ఞతలు. మేము మీ యొద్దకు వచ్చినప్పుడెల్ల ఏదో యొక ప్రభుత్వ పథకమును గూర్చి చెప్పుట వాడుక. నేడు చెప్పదలచినది పథకము కాదు. ఒక చిన్న మాత్ర సంగతి. దాని పేరు మెథోట్రెక్సేట్. క్యాన్సరు వ్యాధికి ఇచ్చు కీమోథెరపీ మందులలో అది ఒకటి. కీళ్ళవాతమునకును, సోరియాసిస్ అను చర్మవ్యాధికిని గూడ దానినే తక్కువ మోతాదులో ఇచ్చుచున్నారు. అందుచేత ఈ మందు పట్టణములలోని పెద్ద ఆసుపత్రులలోనే గాక, పల్లెలలో మన యిండ్ల గూళ్ళలోను, పోపుల డబ్బా ప్రక్కను గూడ కనబడుచున్నది.

మేము వైద్యులము కాము. వైద్యులు చెప్పు సంగతులను ప్రజలకు తెలియు మాటలలో చెప్పుట మా వృత్తి. కావున మా మాట మీ వైద్యుని మాటకు బదులు కాదు. ఆయన చెప్పునది సరిగా వినుటకును, అడుగవలసినది ధైర్యముగా అడుగుటకును సహాయపడిన చాలును.

మన భాషలో 'వారము' అను మాటకు రెండర్థములు గలవు. సోమవారము, మంగళవారము అన్నప్పుడు అది ఒక దినము. వారము రోజులు అన్నప్పుడు అది ఏడు దినములు. పూర్వము పేద విద్యార్థులు పట్టణములలో వారములు చేసికొని చదువుకొనెడివారు. సోమవారము ఒక యింట, మంగళవారము మరియొక యింట భోజనము. ఏ యింట నైనను వారమునకు ఒక్క దినమే. మెథోట్రెక్సేట్ మాత్రను గూడ మీరు అట్టి వారాల పిల్లవానిగా తలపవలెను. దాని దినమున అది రావలెను. తక్కిన ఆరు దినములు గడప త్రొక్కరాదు. ఈ ఒక్క నియమము తప్పినందువలన ప్రాణాపాయము కలుగును. మేము నేడు వచ్చినది ముఖ్యముగా ఇది చెప్పుటకే.

ముందుగా ఈ మందు పుట్టుకను గూర్చి రెండు మాటలు. ఇందులో మన పొరుగువారి చేయి కలదు. ఉప్పుటేరు కావలనున్న భీమవరములో 1895 జనవరి 12వ తేదీన జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసు వైద్య కళాశాలలో చదివి, అమెరికా వెళ్ళి, హార్వర్డు విశ్వవిద్యాలయములో పరిశోధనలు చేసి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలలో చేరిరి. రక్తము పుట్టుటకు మిక్కిలి అవసరమైన ఫోలిక్ ఆమ్లమును ఆయన నాయకత్వమున పనిచేసిన బృందము ప్రయోగశాలలో తయారుచేసెను. బోదకాలు నివారణకై మన జిల్లాలలో ఇంటింటికి పంచిన డి.ఇ.సి. మాత్ర కూడ ఆ ప్రయోగశాల నుండి వచ్చినదే.

ఆ కాలమున బోస్టను నగరములో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్త క్యాన్సరుతో బాధపడు పసిపిల్లలకు చికిత్స చేయుచుండెను. ఫోలిక్ ఆమ్లపు జాతి మందు లిచ్చినప్పుడు వ్యాధి తగ్గుటకు మారుగా పెరిగినట్లు ఆయనకు తోచెను. అట్లయినచో దానికి విరుద్ధముగా పనిచేయు పదార్థము వ్యాధిని తగ్గింపవలెను గదా! సుబ్బారావుగారి బృందము అట్టి పదార్థములను తయారుచేసి పంపెను. వానిలో అమినోప్టెరిన్ అను దానిని 16 మంది పిల్లల కిచ్చి చూడగా 10 మందికి గుణము కనబడినదని ఫార్బర్ 1948లో ప్రకటించెను. ఆ గుణము కొన్ని నెలలే నిలిచినది. అయినను అంతవరకు ఏ మందునకును లొంగని ఆ వ్యాధి ఒక మందునకు వెనుకంజ వేయుట అదియే మొదలు. ఆ సంవత్సరమే ఆగస్టులో, 53 ఏండ్ల వయస్సున, సుబ్బారావుగారు కన్నుమూసిరి. అమినోప్టెరిన్‌కు తోబుట్టువు వంటిది మెథోట్రెక్సేట్. మావి నుండి పుట్టి స్త్రీల ప్రాణములు తీయు కోరియోకార్సినోమా అను క్యాన్సరు ఈ మందుతో నయమగునని 1956లో అమెరికా వైద్యులు నిరూపించిరి. నేడు ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి అత్యవసర మందుల పట్టికలో నున్నది.

ఇక ఇది పనిచేయు విధము. మీరు రైతులు గనుక తాలు గింజ సంగతి మీకు చెప్పనక్కరలేదు. పైకి వడ్లగింజ వలెనే యుండును. లోపల బియ్యము లేదు. మెథోట్రెక్సేట్ ఫోలిక్ ఆమ్లమునకు అట్టి తాలు గింజ. శరీరములోని కణము దానిని అసలు గింజ యనుకొని లోనికి తీసికొనును. తీసికొన్న తరువాత దాని పని సాగదు. ఒకటి రెండుగా పెరుగలేదు. క్యాన్సరు కణములు మితిమీరి పెరుగునవి గనుక వానికి ఈ దెబ్బ గట్టిగా తగులును. కాని మన దేహములో వేగముగా పెరుగు మంచి కణములును గలవు. నోటి లోపలి పొర, ప్రేవుల పొర, వెండ్రుకల కుదుళ్ళు, ఎముకల లోపల రక్తము పుట్టించు మూలుగ, ఇవన్నియు అట్టివే. మందు వీనిని గూడ తాకును. నోరు పూయుట, కడుపులో త్రిప్పుట, జుట్టు రాలుట, రక్తము తగ్గుట వీనికి కారణ మిదియే. ఇది ఎవరి శాపమును కాదు, పథ్యము తప్పిన ఫలమును కాదు. వారమున కొక్కసారి ఇచ్చినచో మంచి కణములు తక్కిన ఆరు దినములలో తేరుకొనును. ప్రతిదినము మ్రింగినచో వానికి తేరుకొను వ్యవధి యుండదు.

ఇప్పుడు మా యింటి సంగతి యొకటి చెప్పెదము. మా పినతల్లిగారు గుడివాడ దిక్కున ఒక పల్లెలో నుండిరి. వ్రేళ్ళ కీళ్ళు వాచి, ఉదయము పాలగిన్నె పట్టుకొనలేని స్థితి రాగా, ఆమె కుమారుడు పట్టణమునకు తీసికొనిపోయి పెద్ద డాక్టరుకు చూపెను. ఆయన మెథోట్రెక్సేట్ వ్రాసెను. వారమునకు ఒకసారి అని చీటీ మీద ఇంగ్లీషులో స్పష్టముగానే యుండెను. ఎవరును దానిని ఆమెకు చదివి చెప్పలేదు. ఆమె తన రక్తపుపోటు మాత్రతో పాటు దీనిని గూడ ప్రతి ఉదయము పుచ్చుకొనెను. తొమ్మిదవ నాటికి నోరంతయు పుండ్లు పడెను. వేడి చేసినదని ఇంటివారు మజ్జిగయు, సబ్జా నీళ్ళును ఇచ్చిరి. పదకొండవ నాడు చలిజ్వరము వచ్చెను. ఆసుపత్రిలో ఒక నర్సు, పినతల్లిగారు వాడు మందులన్నియు తెండని అడిగి, అట్ట మీది ఖాళీ గూళ్ళు లెక్కించి, వెంటనే డాక్టరును పిలిచెను. రక్తములోని తెల్లకణములు మిక్కిలి పడిపోయియుండెను. ఫోలినిక్ ఆమ్లము అను విరుగుడు ఇంజెక్షన్లిచ్చి, మూడు వారములు ఆసుపత్రిలో నుంచిన మీదట ఆమె బ్రతికి బయటపడినది.

ఊరూర తిరిగి సమాచారము చెప్పుట మా యుద్యోగము. మా యింటిలో ఒక చీటీని చదివి చెప్పిన వారు లేకపోయిరి. ఆ దినములలో మేమును ఆమెను చూడబోయి, నోరు పూసినదని వినియు, ఏ మందు వాడుచుంటివని అడుగకయే తిరిగి వచ్చితిమి. ఆ సిగ్గు మమ్ము వదలలేదు. అందుచేతనే ఈ ప్రసంగము.

కావున మొదటి నియమము: కీళ్ళవాతమునకు గాని, సోరియాసిస్‌కు గాని ఈ మాత్ర వ్రాసినప్పుడు, ఏ దినమున పుచ్చుకొనవలెనో డాక్టరు ఎదుటనే నిర్ణయింపుడు. ఆ దినము పేరు చీటీ మీదను, డబ్బా మీదను తెలుగులో వ్రాయించుకొనుడు. మంగళవారమన్నచో మెథోట్రెక్సేట్ పేరుకు కలసివచ్చి గుర్తుండును. మంగళవారము మొదలుపెట్టమని సంకోచించువారు సోమవారము పెట్టుకొనవచ్చును. ఏ దినమైనను మంచిదే, మారకుండుట ముఖ్యము. మాత్ర పుచ్చుకొన్న వెంటనే గోడ కాలెండరులో ఆ తేదీ చుట్టును సున్న చుట్టుడు. చదువురాని వారును ఆ సున్నలను చూచి తెలిసికొనగలరు.

రెండవది: ఈ మందుతో పాటు సాధారణముగా ఫోలిక్ ఆమ్లపు మాత్రను గూడ ఇత్తురు. ఇది నోటిపూత, వాకరింపు మొదలగు బాధలను తగ్గించును. దీనిని వేరు దినములలో పుచ్చుకొనుమని చెప్పుదురు. ఈ రెండును చిన్న పసుపుపచ్చ మాత్రలుగా దొరకుట కలదు. ఒక డబ్బాలో కలుపరాదు. అట్ట నుండి తీసి కాగితపు పొట్లములో కట్టరాదు. అయితే క్యాన్సరు రోగులు ఫోలిక్ ఆమ్లమును గాని, బలమునకని విటమిను మాత్రలను గాని తమంత తాము కొని వాడరాదు. అవి చికిత్సకు అడ్డు రావచ్చును. డాక్టరు ఇచ్చినచో వేరు మాట.

మూడవది: మాత్రల సంఖ్యను గాక మిల్లీగ్రాములను గుర్తుంచుకొనుడు. మెథోట్రెక్సేట్ 2.5, 5, 7.5, 10 మిల్లీగ్రాముల మాత్రలుగా వచ్చుచున్నది. 2.5 మాత్రలు మూడు మ్రింగువాని మోతాదు 7.5 మిల్లీగ్రాములు. ఈసారి దుకాణములో 7.5 మాత్రలు ఇచ్చినప్పుడు ఆతడు అలవాటుగా మూడు మ్రింగినచో, 22.5 మిల్లీగ్రాములు లోనికి పోవును. అట్ట మారినప్పుడెల్ల అడుగుడు.

నాలుగవది: ఒక వారము మరచినచో రెండు మోతాదులు కలిపి మ్రింగరాదు. కీళ్ళవాతము వారు రెండు దినముల లోపల గుర్తు వచ్చినచో పుచ్చుకొనవచ్చును. అంతకు మించినచో ఆ వారము వదలి, మరుసటి వారము మామూలు దినమున పుచ్చుకొనవలెను. క్యాన్సరు రోగులు మాత్రము తమ ఆసుపత్రికి చెప్పి, వారు చెప్పినట్లు చేయవలెను. పొరపాటున ఎక్కువ మ్రింగినచో బాధ కనబడువరకు ఆగవద్దు. అట్ట చేతబట్టుకొని అప్పుడే ఆసుపత్రికి పోవలెను. విరుగుడు కలదు, కాని అది ఎంత త్వరగా ఇచ్చిన అంత మేలు.

రక్త క్యాన్సరు గల పిల్లల తల్లిదండ్రులకు ప్రత్యేకముగా ఒక మాట. మొదటి చికిత్స ముగిసిన తరువాత ఇంటివద్ద చాలకాలము వాడవలసిన మందు లుండును. వానిలో మెర్‌కాప్టోప్యూరిన్ అనునది సాధారణముగా ప్రతిదినము ఇచ్చునది. మెథోట్రెక్సేట్ వారమునకు ఒకసారి ఇచ్చునది. ఒకే సంచిలో నున్న ఈ రెండింటి వరుస తారుమారు కాకుండ ఒక్కరే, తల్లియో తండ్రియో, బాధ్యత వహింపవలెను. పిల్లవాడు ఆడుకొనుచున్నాడు, వ్యాధి పోయినదని నడుమ మానరాదు. కొందరు రోగులకు ఆసుపత్రిలో పెద్ద మోతాదున సెలైనుతో నరములోనికి ఈ మందు నెక్కింతురు. వెన్నులోనికి గూడ ఇత్తురు. పెద్ద మోతాదు నిచ్చిన పిమ్మట ఫోలినిక్ ఆమ్లమును గంటల లెక్కన ఇత్తురు. ఆ గంట తప్పరాదు. రక్త పరీక్షలో మందు తగ్గినదని తేలినదాక ఇంటికి పోవుదుమని తొందరపెట్టరాదు.

ఇక బాధల సంగతి. మందు పుచ్చుకొన్న నాడును, మరునాడును కడుపులో త్రిప్పుట, అలసట, తలనొప్పి, ఆకలి మందగించుట సాధారణము. కీళ్ళవాతపు మోతాదులో జుట్టు కొంత పలుచబడవచ్చును. క్యాన్సరు మోతాదులలో ఎక్కువ రాలవచ్చును, తరువాత మరల వచ్చును. వీనికి భయపడి మందు మానవద్దు. డాక్టరుకు చెప్పినచో ఉపాయము చూపును.

కాని కొన్ని గుర్తులు కనబడినచో తెల్లవారువరకు ఆగరాదు. 100.4 డిగ్రీలు గాని అంతకు మించి గాని జ్వరము, చలి; మెతుకు మ్రింగలేనంతగా నోటి పుండ్లు; చిగుళ్ళ నుండి రక్తము, ఒంటి మీద కారణము లేని నల్లమచ్చలు; పొడి దగ్గుతో కూడిన ఆయాసము; కన్నులు పచ్చబడుట; ఆగని వాంతులు, విరేచనములు; చర్మము మీద పొక్కులు. వీనిలో ఏ ఒక్కటి వచ్చినను తరువాతి మోతాదు ఆపి వెంటనే ఆసుపత్రికి పోవలెను. దారిలో ఎవరైనను ఇంజెక్షను చేసి పంపబోయినచో, మెథోట్రెక్సేట్ వాడుచున్నామని మొదట చెప్పవలెను.

ఏలయనగా కొన్ని మందులు దీనితో పొసగవు. సల్ఫా, ట్రైమెథోప్రిమ్ కలిసిన కోట్రైమాక్సజోల్ అను మాత్ర మన పల్లెలలో జ్వరమునకును, మూత్రమున మంటకును ఇచ్చుట కలదు. మెథోట్రెక్సేట్‌తో కలిసినచో అది మూలుగను ప్రమాదకరముగా దెబ్బతీయగలదు. క్యాన్సరు పిల్లలకు వారి డాక్టరే దానిని లెక్క చూచి ఇచ్చుట వేరు సంగతి. ఒంటినొప్పులకు దుకాణములో కొను నొప్పి మాత్రలు మూత్రపిండములను తాకి, ఈ మందును దేహములో నిలువజేయగలవు. అవియు డాక్టరు నడిగియే వాడవలెను. సారా గాని, బ్రాంది గాని కాలేయమునకు రెండవ దెబ్బ, మానుటయే మంచిది. పసరు మందులు వాడువారు దాచక చెప్పవలెను.

గర్భిణులు కీళ్ళవాతమునకు గాని, చర్మవ్యాధికి గాని ఈ మందు వాడరాదు. శిశువునకు తీవ్రమైన హాని కలుగును, గర్భము పోవచ్చును. పిల్లలు కావలెననుకొను దంపతులు, భార్య వాడినను, భర్త వాడినను, ముందుగా డాక్టరును కలిసి ఎన్ని నెలలు ఆగవలెనో తెలిసికొనవలెను. పాలిచ్చు తల్లులకును ఇది తగదు. మాత్రను నూరరాదు, విరువరాదు. గర్భిణి దానిని ముట్టకుండుట మంచిది.

ఈ ప్రాంతమువారికి మరి రెండు మాటలు. చేపల చెరువులలోను, రొయ్యల చెరువులలోను దిగి పనిచేయువారికి కాలికి ముల్లు గ్రుచ్చుకొనుట, చేతికి రెక్క కోసికొనుట నిత్యము జరుగునదే. తెల్లకణములు తగ్గిన వేళ చిన్న గాయము గూడ చీముపట్టి విషమించును. ఈ మందు వాడువారు గాయముతో చెరువులో దిగరాదు. ఎండలో చర్మము త్వరగా కమలును గనుక తలపాగ, నిండు చేతుల చొక్కా వలయును. వేసవిలో నీరు విరివిగా త్రాగవలెను. ఆటలమ్మ వచ్చిన యింటికి పోరాదు. పోయినచో డాక్టరుకు చెప్పవలెను.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఈ మండలములోని ఊళ్ళను ముంచిన సంగతి మీరు మరువలేదు. అట్టి వేళ బియ్యము, దుప్పట్లు ఎవరైనను తెచ్చి ఇత్తురు. మీ మందు పేరు, మోతాదు ఎవరికిని తెలియవు. చీటీని, పరీక్షల కాగితములను ప్లాస్టికు సంచిలో పెట్టుడు. వాని ఫొటోలు ఇంటిలోని రెండు ఫోనులలో నుంచుడు.

రక్త పరీక్షల విషయమున ఉపేక్ష కూడదు. మొదట కొన్ని వారములకు ఒకసారి, తరువాత కొన్ని నెలలకు ఒకసారి, రక్తకణములు, కాలేయము, మూత్రపిండములు చూతురు. బాగుగనే యున్నాము గదా, సూది ఏల, డబ్బు ఏల అని కొందరు మానుచున్నారు. మూలుగ బలహీనపడుట, కాలేయము చెడుట పైకి తెలియక ముందే పరీక్షలో తెలియును.

ఇన్ని జాగ్రత్తలు చెప్పితిమని ఈ మందును చూచి బెదరవద్దు. ఇది లేనినాడు రక్త క్యాన్సరు వచ్చిన పిల్లవాడు నెలలలో పోయెడివాడు. నేడు ఇతర మందులతో కలిపి క్రమము తప్పక వాడి, పెరిగి పెద్దవారై బడికి పోవుచున్న పిల్లలు అనేకులు గలరు. కీళ్ళు వంకరపోయి మూల కూర్చుండవలసిన వారు దీనివలన తమ పని తాము చేసికొనుచున్నారు. భయపడవలసినది మందునకు కాదు, తెలియక వాడుటకు.

కావున మీ యింటికి ఏ మందు చీటీ వచ్చినను, దుకాణము మెట్లు దిగకముందే మూడు ప్రశ్న లడుగుడు. దీని పేరేమి? ఎన్ని మిల్లీగ్రాములు? ప్రతిదినమా, వారమునకు ఒక్కసారియా? చదువుకొన్న పిల్ల లున్నచో ఇంటిలోని వృద్ధులకు ఆ చీటీని చదివి చెప్పింపుడు. ఆశా కార్యకర్తలు ఇంటింటికి పోవునప్పుడు ఈ మందు వాడువారి నడిగి, వారి కాలెండరులోని సున్నలను ఒకసారి చూడవలెనని వారిని కోరుచున్నాము. ఎవరికైనను నోరు పూసినదని వినినప్పుడు, ఏ మందు వాడుచున్నావని అడుగుట మరువకుడు. ఆ ప్రశ్నను మేము ఒకనాడు మరచితిమి. మీరు మరువవద్దు.